మెంతుల వాసన, నీటి గంట

మొన్న ఆదివారం పొద్దున అమ్మ ఊరగాయకని మెంతులు వేయిస్తుంటే, చేదూ కమ్మదనమూ కలిసిన ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ వాసనకు ఎవరికైనా తమ అవ్వ, ఎండలో బోర్లించిన జాడీలు, ఎసరు కాగే పొయ్యి గుర్తుకు రావాలి. నాకు వాటితోపాటు ఆల్ప్స్ కొండల్లోని ఒక పల్లె, అక్కడ ఒక ముసలమ్మ వంటింటి బల్ల, ఆ బల్ల మీద గుడ్డ చుట్టి ఉంచిన, రై అనే ధాన్యంతో చేసిన గట్టి రొట్టె కూడా గుర్తుకు వచ్చాయి. అక్కడివాళ్ళు ఆ రొట్టె పిండిలో మెంతి జాతికే చెందిన ఒక నీలిపూల మొక్కను ఎండబెట్టి, నలిపి కలుపుతారు. మొదటిసారి ఆ రొట్టెను విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు నేను ఇల్లు వదిలి మూడు వారాలే అయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఏమీ అడగలేదు; ఇంకో ముక్క విరిచి నా పళ్ళెంలో పెట్టింది.

ఆ పల్లె నుంచి గత నెలలో ఒక కవరు వచ్చింది. అందులో అరచేతిలో ఇమిడేంత అచ్చు కార్డు ఉంది: ఒక వైపు ఆమె ఫోటో, మరో వైపు పుట్టిన తేదీ, పోయిన తేదీ, నాలుగు పంక్తుల ప్రార్థన. అక్కడి కాథలిక్ కుటుంబాల్లో ఎవరైనా చనిపోతే ఇలాంటి కార్డులు అచ్చువేయించి బంధుమిత్రులకు పంచుతారు. అందుకున్నవాళ్ళు దాన్ని ప్రార్థన పుస్తకంలో దాచుకుంటారు. నా దగ్గర ప్రార్థన పుస్తకం లేదు కనుక మా అవ్వ పెద్దబాలశిక్షలో పెట్టాను. ఎందుకు అందులోనే పెట్టానో ఈ జ్ఞాపకాలు చదివితే తెలుస్తుంది.

*

ఆ ప్రాంతం ఇటలీకి ఉత్తరపు కొసన, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని ఉంది. జర్మన్‌లో దాన్ని జ్యూట్‌టిరోల్ అంటారు, ఇటాలియన్‌లో ఆల్తో ఆదిజె అంటారు. అక్కడ ప్రతి ఊరికీ, ప్రతి నదికీ, ప్రతి కొండకూ ఇలాగే రెండేసి పేర్లు. నేను సేద్యపు నీటి లెక్కలు చూసే ఒక చిన్న పరిశోధన ఉద్యోగం కోసం బోట్సెన్ చేరుకున్న రోజున, రైల్లో ఒక గొంతు బోల్ట్సానో అనీ, ఆ వెంటనే బోట్సెన్ అనీ చెప్పింది. రెండు వేర్వేరు స్టేషన్లనుకుని నేను సామానుతో సహా కంగారుపడ్డాను. అక్కడి నుంచి కొండల మధ్యగా మెరాన్ వైపు వెళ్ళే చిన్న రైలెక్కి, ఆ పట్నానికి ఎదురుగా కొండవాలు మీద ఉన్న మార్లింగ్ అనే పల్లెలో అద్దె గది చూసుకున్నాను. దాని రెండో పేరు మార్లెంగో.

ఇటలీకి వెళ్తున్నానని తెలిసినప్పటి నుంచీ ఇటాలియన్ నాలుగు ముక్కలు బట్టీపట్టి ఉన్నాను. తలుపు తీసిన ముసలమ్మకు ఆ భాషలోనే నమస్కారం చెప్పాను. ఆమె చక్కని ఇటాలియన్‌లోనే బదులు చెప్పి గది చూపించింది, తాళం ఇచ్చింది. ముఖంలో మర్యాద ఉంది కానీ చిరునవ్వు లేదు. మర్నాడు ఆఫీసులో ఒక సహోద్యోగి చెప్పిన మీదట, సాయంత్రం మెట్లెక్కుతూ “గ్రూస్ గాట్” అన్నాను. వంటింట్లోంచి ఆమె గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. ఆ పలకరింపుకు అర్థం దేవుడు నిన్ను దీవించుగాక అని. ఆ సాయంత్రమే నేను ఆమె వంటింటి బల్ల దగ్గర మొదటిసారి కూర్చున్నాను.

జర్మన్‌లో కూడా మన మీరు, నువ్వుల్లాంటి తేడా ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే అందరూ ఒకరినొకరు నువ్వు అనుకోవచ్చని ఆ కొండల్లో ఒక మాట ఉంది. మార్లింగ్ అంత ఎత్తున లేదు. అయినా రెండు వారాల తరవాత ఆమె తనను నువ్వు అని పిలవమంది. మా అవ్వను నేను పుట్టినప్పటి నుంచీ నువ్వు అనే పిలిచాను కనుక నాకది కష్టం కాలేదు. అక్కడి మనవలు పిలిచినట్టు నేనూ ఆమెను ఓమ అన్నాను. ఆమె నన్ను బిడ్డా అనేది.

*

ఇంటి కింది భాగంలో ఇంకో ముసలమ్మ ఉండేది. ఆమె ఇటాలియన్. ఆమె తండ్రి 1930లలో బోట్సెన్ అంచున కొత్తగా ఫ్యాక్టరీలు వెలిసినప్పుడు దక్షిణాన వెనెతో ప్రాంతం నుంచి పనికోసం వచ్చాడట. ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళే. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఒకరి వంటింట్లో కూర్చుని పేకాడేవాళ్ళు. ఓమ జర్మన్‌లో, అదీ ఆ లోయలో తప్ప వేరెక్కడా వినపడని యాసలో, మాట్లాడేది. ఆమె ఇటాలియన్‌లో జవాబిచ్చేది. ఒకరు రెండో భాషలోకి మారడం నేను ఎన్నడూ వినలేదు. పోట్లాట కూడా రెండు భాషల్లోనే నడిచేది. ఆట అయ్యాక వెళ్ళేటప్పుడు మాత్రం ఇద్దరూ “చావ్” అని ఇటాలియన్‌లోనే వీడ్కోలు చెప్పుకునేవాళ్ళు; ఆ మాట అక్కడ అందరిదీ అయిపోయింది.

నాకు అది కొత్తగా అనిపించకపోవడానికి కారణం మా ఊరు. మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మా అవ్వ సంతలో రాగులు కొనేటప్పుడు ఆమె తెలుగులో బేరమాడేది, అమ్మేవాడు కన్నడంలో ధర చెప్పేవాడు, పక్కనున్న తమిళుడు ఇద్దరికీ మధ్యస్థం చేసేవాడు. ఎవరి మాట వాళ్ళదే, బేరం మాత్రం కుదిరేది. అందుకే ఆ ఇద్దరు ముసలమ్మల పేకాట బల్ల పక్కన కూర్చుని ఆఫీసు కాగితాలు చూసుకోవడం నాకు ఎంతో నెమ్మదిగా ఉండేది. ఆ మాటల్లో సగానికి పైగా అర్థమయ్యేవి కావు, కానీ ఆ శబ్దం నాకు తెలిసిన శబ్దమే.

బోర్డుల మీద భాషల వరుస చూసి ఆ ఊళ్ళో ఎవరు ఎక్కువో పోల్చుకోవడం నేను త్వరగానే నేర్చుకున్నాను. బోట్సెన్ పట్నంలో ఇటాలియన్ పేరు ముందు, పల్లెల్లో జర్మన్ పేరు ముందు. తూర్పున గ్రోడెన్, బాడియా లోయలకు పోతే బోర్డు మీద మూడో పేరు కూడా కనిపిస్తుంది. అది లాదిన్, లాటిన్ నుంచి పుట్టి ఆ కొండ మడతల్లో నిలిచిపోయిన చిన్న భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలో జర్మన్ వారమని చెప్పుకున్నవాళ్ళు 69.41 శాతం, ఇటాలియన్ వారు 26.06 శాతం, లాదిన్ వారు 4.53 శాతం. ఈ అంకెలు అక్కడ ఊరికే పుస్తకంలో ఉండేవి కావు. ప్రభుత్వోద్యోగాలు మూడు భాషలవాళ్ళకూ ఇలాంటి లెక్కల నిష్పత్తిలోనే పంచుతారు, ఉద్యోగం కావాలన్నవాళ్ళు రెండు భాషల పరీక్షా నెగ్గాలి. జర్మన్ పిల్లలకు జర్మన్ బడి, ఇటాలియన్ పిల్లలకు ఇటాలియన్ బడి. రెండు బడుల్లోనూ అవతలి భాష తప్పనిసరి పాఠం.

*

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు సరస్సూ కాదు, శిఖరమూ కాదు. ఒక పంట కాలువ. ఆ పశ్చిమ లోయల్లో దాన్ని వాల్ అంటారు. చుట్టూ మంచుకొండలున్నా ఫిన్ష్‌గావ్ లోయలో వాన తక్కువ, చాలాచోట్ల ఏడాదికి 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కొండలు రెండు వైపులా మేఘాలను ఆపేస్తాయి. అందుకని వందల ఏళ్ళ కిందటే రైతులు పైనున్న వాగుల నుంచి కొండ నడుము మీదుగా సన్నని కాలువలు తవ్వి నీళ్ళు తెచ్చుకున్నారు. రాయి అడ్డొచ్చిన చోట లార్చ్ చెట్టు మొద్దును తొలిచి దోనెలాగా కొండ చరియకు వేలాడదీశారు. మార్లింగ్ మీదుగా పోయే వాల్ 18వ శతాబ్దంలో తవ్వినది, పొడవు సుమారు 12 కిలోమీటర్లు. దాని గట్టు మీద నడిచే దారి మనిషి వెడల్పు ఉంటుంది. ఒక పక్క గలగలమని నీళ్ళు, మరో పక్క కింద ఆపిల్ తోటలు, ద్రాక్ష పందిళ్ళు, ఇంకా కింద ఎచ్ నది, దాని అవతల మెరాన్ పట్నపు చర్చి శిఖరం.

కాలువను చూసుకునే మనిషిని వాలర్ అంటారు. పొద్దున్నే పార, కొంకి పట్టుకుని గట్టంతా నడిచి, రాలిన ఆకులు తీసి, గండ్లు పూడ్చి, ఏ రైతు వంతు ఎన్ని గంటలో చూసి మడవ తిప్పడం ఆయన పని. ఆ పని గురించి మొదటిసారి విన్నప్పుడు నేను ఓమతో మా తాత సంగతి చెప్పాను. మా తాత చెరువు నీరుగంటి. తూము తెరవడం, మూయడం, ఎగువ కయ్యకూ దిగువ కయ్యకూ వంతు ప్రకారం నీళ్ళు పెట్టడం ఆయన పని. పంట నూర్చినప్పుడు ప్రతి రైతు కళ్ళంలోనూ ఆయనకు మేర కొలిచేవారు. కరువు సంవత్సరంలో అన్నదమ్ములిద్దరు ఒక మడవ దగ్గర కొడవళ్ళు ఎత్తితే మా తాత మధ్యలో బురదలో కూర్చుండిపోయాడని అవ్వ చెప్పేది. ఇప్పుడు ఆ చెరువు కట్ట మీద తారు రోడ్డు ఉంది, కయ్యల్లో ఇళ్ళ స్థలాల రాళ్ళు ఉన్నాయి, నీరుగంటి అన్న మాట మా పిల్లలకు తెలియదు.

చిన్నప్పుడు నీరుగంటి అన్న మాటలో గంట ఉందని నేను నమ్మేవాణ్ణి. నీటికి ఒక గంట ఉంటుందనీ, తాత దాన్ని మోగిస్తేనే చెరువు కదులుతుందనీ ఊహించుకునేవాణ్ణి. తాతను అడిగితే నవ్వాడే తప్ప కాదనలేదు. ఇన్నేళ్ళ తరవాత ఆ కొండ మీద, ఒక మలుపు తిరగగానే, నాకు నిజంగానే నీటి గంట వినపడింది. కాలువలో చిన్న చెక్క చక్రం ఒకటి తిరుగుతోంది. అది తిరిగినప్పుడల్లా ఒక సుత్తి లేచి, వేలాడగట్టిన గంట మీద పడుతోంది. టంగ్, కాస్త ఆగి మళ్ళీ టంగ్. ఆ మోత వినపడుతున్నంతసేపూ కాలువలో నీళ్ళున్నాయని కింద ఇంట్లో పడుకున్న వాలర్‌కు తెలుస్తుంది. మోత ఆగిందంటే పైన ఎక్కడో గండి పడింది, లేదా ఎవరో నీళ్ళు మళ్ళించారు; ఆయన లాంతరు పట్టుకుని బయలుదేరాలి. శబ్దం వింటే నిద్ర, నిశ్శబ్దం వింటే మెలకువ. నేను ఆ చక్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తాత అప్పటికి లేడు. ఉంటే ఆ రాత్రే ఉత్తరం రాసేవాణ్ణి.

*

నీళ్ళకు సంబంధించిన ఇంకో రాత్రి ఉంది. ఏప్రిల్‌లో లోయ అంతా ఆపిల్ పూతతో తెల్లబడింది. ఆ చిన్న ప్రాంతం ఏటా సుమారు 10 లక్షల టన్నుల ఆపిల్ పండిస్తుంది కనుక, పూత సమయంలో ఒక్క మంచు రాత్రి పడితే ఇంటింటా గుండె ఆగినట్టే. అర్ధరాత్రి దాటాక ఓమ తలుపు తట్టి, కోటు వేసుకుని కిందికి రమ్మంది. కింద ఆమె అన్నకొడుకు తోటలో స్ప్రింక్లర్లన్నీ తిరుగుతున్నాయి. చలి సున్నాకు దిగుతుంటే పూల మీద నీళ్ళు చల్లడమేమిటని నాకు మతిపోయింది. ఆయన టార్చి వెలుగులో ఒక కొమ్మ చూపించాడు: ప్రతి పువ్వు చుట్టూ గాజు బుడగలా మంచు. నీరు గడ్డకట్టేటప్పుడు తనలోని వేడిని వదిలిపెడుతుంది, లీటరుకు సుమారు 80 కిలోకేలరీలు. చల్లడం ఆపకుండా ఉన్నంతసేపూ లోపలి మొగ్గ సున్నా దగ్గరే నిలుస్తుంది, అంతకు దిగి మాడిపోదు. తెల్లవారి ఎండ తగిలి ఆ మంచు కరిగేదాకా నీళ్ళు ఆపకూడదు. చదువుకున్న సూత్రమే, కానీ పుస్తకంలో దానికి ఆ చప్పుడు లేదు. చీకట్లో వేల స్ప్రింక్లర్లు ఒక్కసారిగా చిక్ చిక్ మంటున్నాయి. సూర్యుడు వచ్చినప్పుడు లోయ అంతా గాజు చెట్లే. ఎవరూ మాట్లాడలేదు. ఓమ అందరికీ కాఫీ, జంటగా అతికి ఉండే ఆ మెంతి వాసన రొట్టె పంచింది.

*

ఆమె బాల్యం గురించి నేను అడగలేదు. నవంబరులో చెస్ట్‌నట్ కాయలు కాలుస్తూ తనంతట తానే చెప్పింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919 నాటి సాఁ జెర్మాఁ ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతం ఆస్ట్రియా నుంచి ఇటలీ చేతికి వచ్చింది. తరవాత ముసోలినీ ప్రభుత్వం 1923లో తెచ్చిన చట్టంతో బడుల్లో జర్మన్ పోయింది. ఊళ్ళ పేర్లు మారాయి, దుకాణాల బోర్డులు మారాయి, ఆఖరికి సమాధి రాళ్ళ మీద కూడా జర్మన్ రాయకూడదన్నారు. ఓమ బడిలో చేరినప్పుడు ఆమె పేరును కూడా ఇటాలియన్‌లోకి మార్చి పుస్తకంలో రాశారు. ఆ పేరుతో పిలిస్తే తనను కాదనుకుని చాలా రోజులు పలకలేదట, పలకనందుకు నిలబెట్టేవారట.

అప్పుడు మిఖాయెల్ గాంపర్ అనే మతగురువు పిలుపుతో ఇళ్ళల్లో రహస్య బడులు మొదలయ్యాయి. పూర్వం రోమ్‌లో క్రైస్తవుల నేలమాళిగ సమాధులను తలుచుకుని, వీటిని నేలమాళిగ బడులన్నారు. వాటిలో చదువు చెప్పినవాళ్ళు ఎక్కువగా ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు. పట్టుబడితే జరిమానా, జైలు, ఊరి నుంచి వెలి. ఆంగెలా నికోలెట్టి అనే పంతులమ్మ అలాగే జైలుకు వెళ్ళి, ఊరూరూ తరిమేస్తే తిరిగి, ఆరోగ్యం చెడి, 1930లో పాతికేళ్ళకే చనిపోయింది. ఓమ వంటి పిల్లలు అల్లిక నేర్చుకోవడానికి వెళ్తున్నట్టు ఊలు ఉండలు చేతపట్టుకుని, ఇద్దరిద్దరుగా, వేర్వేరు దారుల్లో ఒక రైతు వంటింటికి చేరేవారట. అక్షరాల పుస్తకం పిండి తొట్టి అడుగున ఉండేదట. “నా మొదటి అక్షరాలకు రై పిండి వాసన ఉండేది, బిడ్డా” అంది.

1939లో హిట్లరూ ముసోలినీ కలిసి ఆ జనం ముందు ఇంకో ప్రశ్న పెట్టారు: జర్మనీకి వెళ్ళి జర్మన్‌లుగా ఉంటారా, ఇటలీలో ఉండి మీ భాష వదులుకుంటారా? ఆ ఏడాది చివరిలోగా చెప్పాలి. ఎనభై అయిదు శాతానికి పైగా వెళ్తామన్నారు. యుద్ధం వల్ల ఆ పని సగంలో ఆగినా, సుమారు 75 వేల మంది ఊళ్ళు వదిలారు. ఓమ తండ్రి పొలం వదలనన్నాడు. చిన్నాన్న వెళ్తానన్నాడు. ఒకే ఇంట్లో ఒకరు ద్రోహి అంటే మరొకరు ద్రోహి అన్నారు. పిల్లలు కూడా బడి దారిలో రాళ్ళు రువ్వుకున్నారు. చిన్నాన్న తిరిగి రాలేదు. ఆయన కుర్చీని మాత్రం ఆమె తల్లి బల్ల దగ్గరి నుంచి తీయలేదు. ఆ కుర్చీలోనే నేను రోజూ కూర్చుంటున్నానని ఆ రాత్రి తెలిసింది.

యుద్ధం తరవాత 1946లో పారిస్‌లో ఇటలీ, ఆస్ట్రియా మంత్రులు దె గాస్పెరి, గ్రూబర్ ఒప్పందం రాసుకున్నారు. అది సరిగా అమలు కావడం లేదని 1960లో ఆస్ట్రియా ఐక్యరాజ్యసమితికి వెళ్ళింది. బాంబులు కూడా పేలాయి. చివరికి 1972లో ఇప్పటి స్వపరిపాలన చట్టం వచ్చింది, 1992లో తగవు తీరిందని రెండు దేశాలూ ప్రకటించాయి. ఈ చరిత్రంతా ఓమ రెండు ముక్కల్లో చెప్పి, కాలిన కాయల తొక్క ఒలవడంలో పడిపోయింది. ఆమె మనసంతా ఆ పిండి తొట్టి దగ్గరే ఉంది.

నేను మా అవ్వ గురించి చెప్పాను. రాష్ట్రాల సరిహద్దులు గీసినప్పుడు మా ఊరు మద్రాసు వైపు ఉండిపోయింది. మా మీద ఎవరూ దౌర్జన్యం చేయలేదు, మా అక్షరాలను పిండిలో దాచాల్సిన అవసరం రాలేదు. ఆమె పడినదానితో మాది పోల్చకూడదని ముందే చెప్పాను. మా ఊరి బడిలో తెలుగు పంతులు లేడు, అంతే. అందుకని సాయంత్రం దీపం పెట్టాక అవ్వ పెద్దబాలశిక్ష తీసి, బియ్యం చెరిగే చేటలో సన్నని ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు ఆ చేటలోంచి వచ్చిందే.

ఓమ చేతులు తుడుచుకుని ఒక కాగితం తెచ్చింది. మా అవ్వ పేరు మా అక్షరాల్లో రాయమంది. పెద్దగా, గుండ్రంగా రాసిచ్చాను. ఆమె వేలితో ఆ గీతల మీదుగా నెమ్మదిగా దిద్దింది. తరవాత గది మూలలో, వాళ్ళ ఇళ్ళల్లో దేవుడి మూల అంటారు, అక్కడి శిలువ కింద ఆ కాగితాన్ని గుచ్చింది.

*

సెలవు రోజుల్లో ఆమెను బస్సుల్లో తిప్పడం నా పని అయింది. తన ఊరికి రెండు గంటల దూరంలో ఉన్నవి కూడా ఆమె ఎన్నో ఏళ్ళుగా చూడలేదు.

కారెర్‌జే అనే సరస్సుకు వెళ్ళాం. ఇటాలియన్‌లో లాగో ది కరేట్సా. చిన్నది, మన ఊరి కుంటంతే. పైకి కనిపించే వాగేదీ దానిలోకి రాదు, అడుగునున్న ఊటలే నింపుతాయి. మంచు కరిగే కాలంలో నిండుతుంది, శరత్కాలానికి సగమవుతుంది. నీలం, ఆకుపచ్చ, మధ్యలో పేరులేని రంగులు, వాటిలో తలకిందులైన లాతెమార్ శిఖరాలు. ఒక మాంత్రికుడు జలకన్య కోసం ఇంద్రధనుస్సు పరిచి, ఆమె జడిసి మునిగిపోతే కోపంతో దాన్ని ముక్కలు చేసి నీళ్ళలో పారేశాడని కథ. 2018 అక్టోబరు చివర వచ్చిన పెనుగాలికి ఆ చుట్టుపక్కల స్ప్రూస్ అడవి పడిపోయింది. నేను చూసింది దానికి ముందు. నా కళ్ళలో ఆ అడవి ఇంకా నిలబడే ఉంది.

రెషెన్ సరస్సు దగ్గర మాత్రం ఓమ బస్సు దిగనంది. నేనొక్కణ్ణే దిగాను. నీళ్ళ మధ్యలో ఒక చర్చి గోపురం నిలబడి ఉంటుంది, 14వ శతాబ్దం నాటిది. కింద ఊరు. విద్యుత్తు కోసం రెండు సహజ సరస్సుల నీటిమట్టాన్ని 22 మీటర్లు పెంచి కలిపేసినప్పుడు, 1950లో గ్రావున్ ఊరు, పక్క ఊరిలో కొంత భాగం, మొత్తం 163 ఇళ్ళు, 523 హెక్టార్ల భూమి మునిగాయి. ఆ పథకం గురించిన నోటీసును ఊళ్ళో చాలామందికి రాని ఇటాలియన్‌లో అతికించారని ఓమ అంది. మునగక ముందే గంటలను దించేశారు. అయినా చలికాలం రాత్రుల్లో నీళ్ళ కింద గంటలు వినిపిస్తాయని ఆ లోయలో చెప్పుకుంటారు. కర్నూలు వైపు శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరం నాకు గుర్తుకు వచ్చింది. వేసవిలో నీళ్ళు దిగితే బయటపడి, వరద రాగానే మునిగిపోయే ఆ గుడికి, ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి దీపం పెట్టి వెళ్తారు. ఇక్కడ పర్యాటకులు గోపురంతో ఫోటోలు దిగుతున్నారు. వెనక్కి వచ్చి బస్సెక్కితే ఓమ కిటికీకి అవతలి వైపు కూర్చుని ఉంది. ఆమె బంధువుల ఇల్లు ఒకటి ఆ నీళ్ళలో ఉంది.

బ్రిక్సెన్ పట్నంలో ఆమె పసిపిల్లలా సంబరపడింది. ఆ ఊళ్ళో పెద్ద చర్చి పక్కనున్న మండపంలో 15వ శతాబ్దపు రంగుల బొమ్మలున్నాయి. వాటిలో ఒక ఏనుగు. వేసినవాడు ఏనుగును ఎన్నడూ చూడలేదు కాబోలు, గుర్రం ఒళ్ళు గీసి దానికి తొండం అతికించాడు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలకు, 1551 చలికాలంలో, నిజమైన ఏనుగే ఆ ఊరికి వచ్చింది. పోర్చుగల్ రాజవంశం హాబ్స్‌బర్గ్ యువరాజు మాక్సిమిలియన్‌కు కానుకగా ఇచ్చిన సోలిమాన్ అనే ఆసియా ఏనుగు, వియన్నాకు నడుస్తూ దారిలో రెండు వారాలు అక్కడి సత్రంలో ఆగింది. ఆ సత్రం ఇప్పటికీ ఏనుగు పేరుతోనే హోటలుగా నడుస్తోంది. మన సముద్రాలు దాటి, ఓడలో ఊగి, మంచు కనుమల్లో నడిచిన ఆ మూగజీవం మరుసటి ఏడాది వియన్నా చేరి ఎక్కువ కాలం బతకలేదు, 1553లో చనిపోయింది. బొమ్మ ముందు నిలబడి ఓమ, “నువ్వు వచ్చి సరిచేయాలి దీన్ని” అని నన్ను మోచేత్తో పొడిచింది.

*

ఒక సాయంత్రం బోట్సెన్‌లో టాల్ఫెర్ వాగు వంతెన మీద నిలబడ్డాం. ఎదురుగా రోసెన్‌గార్టెన్ కొండ. సూర్యుడు వాలుతుంటే తెల్లని డోలొమైట్ రాయి ముందు పసుపుపచ్చగా, తరవాత గులాబీ రంగుగా, చివరికి నిప్పు కణికలా మారింది. లావురిన్ అనే మరుగుజ్జు రాజుకు అక్కడ గులాబీ తోట ఉండేదట. శత్రువులు ఆ తోట గుర్తు పట్టే తనను బంధించారని, పగలూ రాత్రీ ఎవరి కంటికీ కనపడకుండా పొమ్మని తోటను శపించాడట. సంధ్యవేళను చెప్పడం మరిచిపోయాడు. అందుకే ఆ కాసేపు పూలు కనిపిస్తాయి.

నేను వంతెన కమ్మీ పట్టుకుని ఆమెకు హిరణ్యకశిపుడి కథ చెప్పాను. నాకొచ్చిన ముక్కల జర్మన్‌లోనే. పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయట కాదు అని వరం అడిగి, వాడూ సంధ్యవేళను, గడపను మరిచిపోయాడని చెప్పాను. మా అవ్వ అసురసంధ్య వేళ గడప మీద కూర్చోనిచ్చేది కాదని కూడా చెప్పాను. ఓమ కొండ మీదనుంచి చూపు తిప్పకుండా వింది. “ఇద్దరూ ఒకే చోట మరిచిపోయారు” అంది. గులాబీ రంగు బూడిదరంగులోకి మారేదాకా అక్కడే ఉన్నాం. ఆఖరి రైలుకు పరుగెత్తాల్సి వచ్చింది. ఆమె నాకన్నా వేగంగా నడిచింది.

*

నేను తిరిగి వచ్చేశాక మరొక్కసారే వెళ్ళగలిగాను. అది అక్టోబరు చివర. కింది ముసలమ్మ అప్పటికి లేదు. మధ్యాహ్నం మూడింటికి ఓమ పేకముక్కలు బల్ల మీద పెట్టుకుని ఒక్కతే పరుచుకునేది, మధ్యమధ్య ఇటాలియన్‌లో ఏదో ఒక మాట అనేది. అంతవరకు ఆమె నోట ఆ భాష అంత మెత్తగా నేను వినలేదు. పైకి వెళ్ళి చూస్తే చలికాలానికని కాలువ ఎండగట్టేశారు. చక్రం ఆకుల్లో కూరుకుపోయి ఉంది. సుత్తిని చేత్తో లేపి ఒక్కసారి మోగించాను. ఆ శబ్దం తోటల మీదుగా పోయింది. కిందికి దిగితే వాకిట్లోనే ఎదురై, “పైన మోగించింది నువ్వేనా” అంది ఓమ.

కార్డుతో పాటు ఆమె అన్నకొడుకు రాసిన చిన్న ఉత్తరం కూడా వచ్చింది. చివరి రోజుల్లో బాధ పడలేదట. ఇల్లు సర్దుతున్నారట. దేవుడి మూలలో శిలువ కింద ఒక కాగితం ఉంది, దాన్ని తీయవద్దని ఆమె చాలాసార్లు చెప్పింది కనుక తీయలేదు, కానీ మేకు ఊడి కింద పడింది, మళ్ళీ గుచ్చుదామంటే ఏది పైవైపో తెలియడం లేదని రాశాడు. దాని ఫోటో కూడా పెట్టాడు. కాగితం పసుపుబారింది, గీతల మీద వేలితో దిద్దిన చోట కాస్త నల్లబడింది. ఫోటోలో అది తలకిందులుగా ఉంది.

మెంతులు వేగాయి, అమ్మ రోలు దగ్గరికి వెళ్ళింది. నేను అదే కాగితంపై ఉన్న పేరును మరో తెల్ల కాగితం మీద రాసి, పైవైపు చూపే బాణం గుర్తు వేసి, కవరులో పెడుతున్నాను.